ఊరు విడిచినవారు ఎవరి లెక్క?

(నరసరావుపేటలో ఇచ్చిన కన్నెగంటి హనుమంతు స్మారకోపన్యాసం పాఠం)

కన్నెగంటి హనుమంతు పేరు తలుచుకున్న చోట అడవి మాట రాక తప్పదు. పశువులను అడవిలో మేపుకున్నందుకు సర్కారుకు కట్టాల్సిన పుల్లరిని పల్నాటి రైతులు 1921లో కట్టం అన్నారు. మరుసటి ఏడాది ఫిబ్రవరిలో మించాలపాడు దగ్గర పోలీసు తుపాకీకి హనుమంతు బలయ్యాడు. ఆనాటి తగాదా పైకి పన్ను తగాదా. లోపల ఉన్నది వేరే ప్రశ్న: అడవి అంచున బతికే మనిషికి ఆ అడవి మీద ఏ హక్కు ఉంది, దాన్ని తేల్చేది ఎవరు? నూరేళ్ళు దాటాక ఆ ప్రశ్న ఇంకా కష్టమైన రూపంలో మన ముందుకు వచ్చింది. సాయుధ పోరు నడుమ ఊళ్ళు ఖాళీ అయి, ప్రాణభయంతో రాష్ట్ర సరిహద్దు దాటి, మన అడవుల్లో గుడిసెలు వేసుకున్నవారు ఉన్నారు. వాళ్ళకు ఈ దేశంలో ఎక్కడ ఏ హక్కు ఉంది? ఈ మాట ఎత్తగానే అందరికీ కాశ్మీరీ పండితులు గుర్తొస్తారు. అది న్యాయమే. వారి సంగతీ చెబుతాను. కానీ ముందుగా గోదావరి, శబరి నదుల పక్కన తెలుగు నేల మీదే ఉంటూ మన చర్చల్లోకి రానివారి గురించి మాట్లాడాలి. మనం గొత్తికోయలని పిలిచే బస్తరు మురియా ఆదివాసులు వాళ్ళు.

2005 జూన్‌లో ఛత్తీస్‌గఢ్‌లోని అప్పటి దంతెవాడ జిల్లాలో సల్వాజుడుం మొదలైంది. నాయకుడు ప్రతిపక్ష కాంగ్రెస్ మనిషి మహేంద్ర కర్మ, అండ భాజపా ప్రభుత్వానిది. మావోయిస్టుల మీద జనం తమంతట తాము తిరగబడ్డారని చెప్పారు. అందులో కొంత నిజం ఉంది కూడా. మావోయిస్టుల కట్టడులతో విసిగిన ఊళ్ళు అక్కడ లేకపోలేదు. కానీ కొద్ది నెలల్లోనే అది ఊళ్ళను ఖాళీ చేయించే పనిగా మారింది. 644 ఊళ్ళు జుడుంలో చేరాయని ప్రభుత్వ లెక్క. చేరడమంటే ఇల్లూ పొలమూ వదిలి రోడ్డు పక్కన శిబిరానికి రావడం. దోర్నపాల్, ఎర్రబోరు, కొంటా శిబిరాల్లాంటి వాటిలో సుమారు 50,000 మందిని ఉంచారు. రానివారి ఇళ్ళు తగలబడ్డాయి. వచ్చినవారిని మావోయిస్టులు వదల్లేదు. 2006 జులైలో ఎర్రబోరు శిబిరం మీద పడి ముప్పైమందికి పైగా చంపారు. శిబిరానికి వెళితే ఒకరికి శత్రువు, ఊళ్ళో ఉంటే ఇంకొకరికి. ఈ రెండూ వద్దనుకున్నవారికి మిగిలింది దక్షిణాన ఉన్న అడవి దారి. ఆ దారి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని ఖమ్మం, వరంగల్ జిల్లాల్లోకి వస్తుంది. అలా దాటివచ్చినవారు 30,000 నుంచి 50,000 దాకా ఉంటారని ఆనాటి అంచనాలు. జాతీయ బాలల హక్కుల కమిషన్ శాంతా సిన్హా అధ్యక్షతన 2007 డిసెంబరులో దంతెవాడ, ఖమ్మం రెండూ తిరిగి చూసింది. 2008లో హ్యూమన్ రైట్స్ వాచ్ సంస్థ వివరమైన నివేదిక ఇచ్చింది. ఇక్కడికి వచ్చాక కూడా అటవీ సిబ్బంది చేతుల్లో వాళ్ళ గుడిసెలు మళ్ళీ మళ్ళీ కాలాయని ఆ నివేదికలోనే ఉంది.

దీనికీ పల్నాడుకూ ఏం సంబంధం అనిపించవచ్చు. 2004 అక్టోబరులో శాంతి చర్చల కోసం నల్లమల నుంచి బయటికి వచ్చిన మావోయిస్టు బృందానికి నాయకుడు రామకృష్ణ. ఆయన సొంతూరు రెంటచింతల మండలం తుమృకోట. ఆ రోజుల్లో గుత్తికొండ బిలం దగ్గర చేరిన జనం, ఆ తరవాత హైదరాబాదులో జరిగిన చర్చలు ఈ ప్రాంతంలో నలభై దాటినవారందరికీ గుర్తే. చర్చలు విఫలమయ్యాయి. 2005 ఆగస్టులో ప్రభుత్వం మళ్ళీ నిషేధం పెట్టింది. ఆపై రెండు మూడేళ్ళలో నల్లమల దళాలు చెల్లాచెదురయ్యాయి. ఇది ఆంధ్ర పోలీసుల విజయంగా దేశమంతా చెప్పుకున్నారు. ఆ ఉద్యమపు బరువు ఈశాన్యానికి, బస్తరు మీదికి జరిగింది. పల్నాడులో కాల్పుల చప్పుడు తగ్గిన కాలమూ, దంతెవాడలో ఊళ్ళు తగలబడిన కాలమూ ఒకటే. ఒకదానికి మరొకటే కారణమని నేననను. బస్తరులో మావోయిస్టులు 1980ల నుంచే ఉన్నారు, సల్వాజుడుంకు దాని సొంత కారణాలున్నాయి. అయినా, మనకు దక్కిన శాంతి ఖరీదులో కొంత భాగం వేరేవాళ్ళు కట్టారన్నది పల్నాటివారు తేలిగ్గా కొట్టిపారేయలేని విషయం.

వచ్చినవారి పరిస్థితి ఇప్పుడేమిటి? ఇరవై ఏళ్ళు గడిచాయి. ఇక్కడే పుట్టిన పిల్లలు పెళ్ళీడుకొచ్చారు. తెలంగాణలో భద్రాద్రి కొత్తగూడెం, ములుగు, జయశంకర్ భూపాలపల్లి జిల్లాల్లో, మన రాష్ట్రంలో చింతూరు, కూనవరం, వి.ఆర్. పురం, ఎటపాక, కుక్కునూరు, వేలేరుపాడు మండలాల్లో వారి గుంపులున్నాయి. ఈ మండలాలు పోలవరం కోసమని 2014లో తెలంగాణ నుంచి మనకు బదిలీ అయ్యాయి. అంటే ఛత్తీస్‌గఢ్ నుంచి పారిపోయి ఒక రాష్ట్రానికి వచ్చినవారు కూర్చున్న చోటు కదలకుండానే ఇంకో రాష్ట్రంలోకి మారారు. చాలా గుంపులకు రోడ్డు లేదు, కరెంటు లేదు. ఎండాకాలం చెలమ నీళ్ళే దిక్కు. మిరప కోతలప్పుడు కూలికి పోతారు, మిగతా రోజులు పోడు. కొందరికి ఆధార్ ఉంది, కొందరికి రేషను కార్డూ ఓటూ ఉన్నాయి. ఎవరికి ఏది ఉందన్నది ఆ మండలంలో ఆ ఏడాది పనిచేసిన అధికారి మనసును బట్టి. ఇందులో మంచి అధికారులు లేరని కాదు. మంచి అధికారి బదిలీ అయితే పోయే దాన్ని హక్కు అనలేం కదా.

ఇప్పుడు అసలు చిక్కుకు వస్తాను. మురియాలు ఛత్తీస్‌గఢ్‌లో షెడ్యూల్డు తెగ. సరిహద్దు వాగు దాటి ఇవతలి ఒడ్డు ఎక్కితే కాదు. రాజ్యాంగం 342వ అధికరణం కింద తెగల జాబితా ఏ రాష్ట్రానికి ఆ రాష్ట్రమే. దీని మీద సుప్రీంకోర్టు 1990లో ఇచ్చిన తీర్పుకు మూలం మన గుంటూరు జిల్లాలోనే ఉంది. తెనాలిలో పుట్టిన మర్రి చంద్రశేఖరరావు అనే విద్యార్థి తండ్రి ఉద్యోగం వల్ల మహారాష్ట్రకు వెళ్ళాడు. ఆంధ్రలో తన కులం షెడ్యూల్డు తెగ కాబట్టి బొంబాయి వైద్య కళాశాలలో ఆ కోటా కింద సీటు అడిగాడు. ఒక రాష్ట్రంలోని తెగ హోదా ఇంకో రాష్ట్రానికి వెంట రాదని ప్రధాన న్యాయమూర్తి సవ్యసాచి ముఖర్జీ నాయకత్వంలోని ధర్మాసనం తేల్చింది. ఆ తీర్పులో తర్కం ఉంది. ఒకచోట వెనకబడినవాడు ఇంకోచోట వెనకబడినవాడు కాకపోవచ్చు, స్థానిక తెగల వాటా బయటివారు కొట్టుకుపోకూడదు. కానీ అదే తీర్పులో, తమ ఇష్టంతో పని లేకుండా రాష్ట్రం మారాల్సి వచ్చినవారి సంగతి చట్టసభలు ఆలోచించాలన్న సూచన కూడా ఉంది. మూడున్నర దశాబ్దాలైంది. చట్టసభలు ఆలోచించలేదు. బదిలీ మీద వెళ్ళిన ఉద్యోగి కొడుకు విషయంలో ఈ ఖాళీ ఒక సీటు నష్టం. ఇల్లు కాలి వచ్చినవాడికి దానితో మొత్తం జీవితమే పోతుంది. మన ఏజెన్సీలో 1/70 చట్టం ప్రకారం భూమి చేతులు మారితే గిరిజనులకే మారాలి. గొప్ప చట్టం అది, అది లేకపోతే భద్రాచలం మన్యంలో ఆదివాసికి సెంటు భూమి మిగిలేది కాదు. అదే చట్టం గొత్తికోయకు తలుపు మూస్తుంది. ఎందుకంటే కాగితం మీద అతను గిరిజనుడే కాడు. కొండ మీద పుట్టి, గోండి మాట్లాడి, పోడు కొట్టే మనిషి కాగితం మీద మైదానం షావుకారుతో సమానమయ్యాడు.

అటవీ హక్కుల చట్టం దగ్గర ఇంకో గడప ఉంది. 2006లో వచ్చిన ఆ చట్టం 2005 డిసెంబరు 13కు ముందు నుంచి అడవిలో సాగు చేస్తున్న ఆదివాసులకు హక్కు పత్రం ఇమ్మంది. సల్వాజుడుం మొదలైంది 2005 జూన్‌లో. ఈ రెండు తేదీల మధ్య ఆరు నెలలు. జుడుంకు భయపడి వచ్చినవారిలో ఎక్కువమందికి ఆ డిసెంబరు నాటికి ఇక్కడ సాగు లేదు. అక్కడ ఉన్న సాగు మీద హక్కు అడగడానికి అక్కడ వాళ్ళే లేరు. అదే చట్టంలో 3(1)(ఎం) అనే నిబంధన ఉంది. ఆ తేదీకి ముందు అక్రమంగా అటవీ భూమి నుంచి వెళ్ళగొట్టబడి, పునరావాసం దక్కనివారికి ప్రత్యామ్నాయ భూమి సహా పునరావాసం పొందే హక్కు ఉందని అది చెబుతుంది. అక్షరాలా చూస్తే 2005 అక్టోబరులో పారిపోయిన కుటుంబం దీని కిందికి వస్తుంది. 2006 ఫిబ్రవరిలో పారిపోయిన కుటుంబం రాదు. ఊరు ఒకటే, తగలబెట్టినవారూ ఒకరే అయినా సరే. పైగా వచ్చే కుటుంబం కూడా ఛత్తీస్‌గఢ్‌లో అడగాలా, ఇక్కడ అడగాలా అన్నది ఏ రాష్ట్రమూ తన నెత్తిన వేసుకోలేదు. 2019లో జాతీయ షెడ్యూల్డు తెగల కమిషన్ సంబంధిత రాష్ట్రాలను లెక్కలు తీయమని కోరింది. కోరిన మేరకు పని జరిగి ఉంటే నేనీ రోజు ఈ అంశం ఎత్తుకునేవాణ్ణి కాను.

కాశ్మీరీ పండితుల సంగతిని దీనికి పక్కపక్కన పెట్టి చూస్తేనే ఈ ఖాళీ ఎంత లోతో తెలుస్తుంది. 1990 జనవరి నుంచి లోయలోని హిందూ మైనారిటీ దాదాపు మొత్తంగా ఊళ్ళు వదిలింది. గురిపెట్టిన హత్యలు, బెదిరింపులు, మసీదు మైకుల్లో నినాదాలు, కాపాడవలసిన యంత్రాంగం కుప్పకూలడం, అన్నీ కలిసి కొద్ది నెలల్లో శతాబ్దాల నివాసాన్ని తుడిచేశాయి. 1989 నుంచి 2004 దాకా 219 మంది పండితులు హతులయ్యారని జమ్మూకాశ్మీర్ ప్రభుత్వమే తన శాసనసభకు చెప్పింది. సంఖ్య ఇంకా ఎక్కువని పండిత సంఘాలు అంటాయి. వారికి జరిగింది ఘోరం. అయితే ఆ తరవాత రాజ్యం చేసిన పనులు కూడా చూడాలి. సుమారు 62,000 కుటుంబాలను నమోదు చేశారు. నెలసరి నగదు సాయం ఇచ్చారు, 2018లో అది కుటుంబానికి గరిష్ఠంగా 13,000 రూపాయలకు చేరింది. వదిలివచ్చిన ఇళ్ళూ పొలాలూ చవగ్గా చేతులు మారకుండా 1997లో ప్రత్యేక చట్టం చేసి జిల్లా మేజిస్ట్రేటును ఆ ఆస్తులకు కాపలాదారును చేశారు. జమ్మూ దగ్గర జగ్తిలో కాలనీ కట్టారు. దేశంలోని కళాశాలల్లో సీట్లలో వెసులుబాటు, జమ్మూలోనూ ఢిల్లీలోనూ ఉండి లోయ నియోజకవర్గానికి ఓటు వేసే వీలు, ప్రధాని ప్యాకేజీ కింద ఉద్యోగాలు, 2023 చట్ట సవరణతో శాసనసభలో నామినేటెడ్ స్థానాలు ఇచ్చారు. ఇవేవీ పోయినదాన్ని తెచ్చి ఇవ్వలేదు. ప్యాకేజీ ఉద్యోగంతో తిరిగి వెళ్ళినవారిని 2022లో ఆఫీసులోనే కాల్చి చంపిన ఉదంతం మనం చూశాం. అయినా ఒక విషయం ఒప్పుకోవాలి. ప్రాణభయంతో ఊరు విడిచిన మనిషికి లెక్క, ఆస్తి రక్షణ, ఓటు, చదువు, ఎప్పటికైనా తిరిగి వెళ్ళే మాట, ఇవన్నీ ఇవ్వడం భారత రాజ్యానికి చేతనవును. చేసి చూపింది. చేతకాదన్న సాకు ఇక చెల్లదు.

అది ఒక్క పండితులకే పరిమితమైన మినహాయింపు అనే వీలు కూడా లేదు. 1997 అక్టోబరులో మిజోరంలోని బ్రూ జనం, అంటే రియాంగులు, ఊళ్ళు వదిలి ఉత్తర త్రిపురకు పారిపోయారు. వారిలో ఎక్కువమంది హిందువులు, క్రైస్తవ మెజారిటీ రాష్ట్రంలో చిన్న సమూహం. బ్రూ సాయుధ సంస్థ దంపా పులుల అభయారణ్యంలో ఒక మిజో అటవీ ఉద్యోగిని చంపింది. ఆ కోపం మొత్తం బ్రూ జనం మీద పడింది. ఇరవై ఏళ్ళకు పైగా కాంచన్‌పూర్ చుట్టుపక్కల శిబిరాల్లో ఉన్నారు. తిరిగి పంపే ప్రయత్నాలు పదే పదే బెడిసికొట్టాయి. చివరికి 2020 జనవరి 16న కేంద్రం, త్రిపుర, మిజోరం, బ్రూ ప్రతినిధులు ఒప్పందం రాసుకున్నారు. సుమారు 34,000 మంది త్రిపురలోనే స్థిరపడవచ్చు. కుటుంబానికి ఇంటి స్థలం, ఇల్లు కట్టుకోవడానికి డబ్బు, 4 లక్షల రూపాయల డిపాజిట్, రెండేళ్ళపాటు నెలకు 5,000 రూపాయలు, రేషను, త్రిపురలో ఓటు. కేంద్రం 600 కోట్ల రూపాయల ప్యాకేజీ ప్రకటించింది. ఆలస్యంగా వచ్చింది, అమలులో లోపాలున్నాయి. కానీ ఒక రాష్ట్రం నుంచి పారిపోయినవారిని ఇంకో రాష్ట్రం తనవారిగా ఒప్పుకునే పద్ధతి మన దేశంలోనే ఉందని ఇది రుజువు చేసింది. నా వాదన మొత్తం ఈ రెండు ఉదాహరణల మీదే నిలబడుతుంది. ఊరి నుంచి తరిమివేయబడ్డ మనిషికి దక్కేది అతన్ని తరిమింది ఎవరు, అతను ఎవరివాడు, అతని కథకు ఢిల్లీలో ఎంత గొంతుంది అన్న వాటిని బట్టి ఉండకూడదు. ప్రాణభయంతో ఊరు విడిచాడా లేదా అన్న ఒక్కదాన్ని బట్టే ఉండాలి. ఇప్పుడలా లేదు, అలా ఉండేటట్టు చేసే చట్టమూ లేదు. దేశం లోపల నిర్వాసితులైనవారి గురించి ఐక్యరాజ్యసమితి 1998లో మార్గదర్శక సూత్రాలు పెట్టింది. వాటికి మన చట్టంలో చోటు దొరకలేదు.

దీనికి వచ్చే అభ్యంతరాల్లో మొదటిది పండితుల వైపు నుంచి వస్తుంది. వారిని మతం చూసి వెతికి వెతికి చంపారు, దాన్ని రెండు తుపాకుల మధ్య నలిగిన ఆదివాసి కథతో కలిపితే ఆ నేరం పలుచన అవుతుందని. ఈ మాటలో బాధ ఉంది, దాన్ని నేను తోసిపుచ్చను. కానీ ఇక్కడ రెండు వేర్వేరు ప్రశ్నలున్నాయి. ఎవరు చంపారు, ఎందుకు చంపారు, వారికి ఏ శిక్ష అన్నది నేర న్యాయం చూడాల్సిన ప్రశ్న. అక్కడ ఉద్దేశమే కీలకం, మత ద్వేషంతో చేసిన హత్యను అలాగే పిలవాలి. ఆ ప్రశ్న దగ్గర రాజ్యం పండితులకు ఘోరంగా అన్యాయం చేసింది. రెండు వందలకు పైగా కేసులను తిరిగి తెరవమన్న పిటిషన్‌ను 2017లో సుప్రీంకోర్టు ఆలస్యమైందని తోసిపుచ్చింది. రెండో ప్రశ్న, ఇల్లు పోయినవారికి ఏం ఇవ్వాలి అన్నది. అక్కడ హంతకుడి మనసులో ఏముందన్న దానితో పని లేదు. ద్వేషంతో కాల్చిన ఇల్లూ వ్యూహం కోసం కాల్చిన ఇల్లూ ఒకేలా కాలుతాయి. మొదటి ప్రశ్నకు జవాబు దొరకలేదన్న కోపాన్ని రెండో ప్రశ్న మీద చూపిస్తే, నష్టపోయేది ఇంకో నిర్వాసితుడే.

రెండో అభ్యంతరం అధికారుల నోట తరచు వింటాం. వీళ్ళు భయంతో రాలేదు, మిరప కూలి కోసం, పోడు భూమి కోసం వచ్చారు, 2005కు ముందు నుంచే వస్తున్నారు అని. ముందు నుంచే వస్తున్నారన్నది నిజమే. సరిహద్దుకు అటూ ఇటూ ఉన్నవారు చుట్టాలే, రాకపోకలు కొత్త కాదు. తెలిసిన దారి కాబట్టే భయం వేసినప్పుడు ఆ దారి పట్టారు. కూలికి వచ్చినవారినీ నిలువ నీడ లేక వచ్చినవారినీ విడదీయడం ఎలా? 2020 లాక్‌డౌన్ అనుకోకుండా ఒక పరీక్ష పెట్టింది. ఏప్రిల్‌లో ములుగు జిల్లా పేరూరు మిరప చేలల్లో పనిచేసిన కూలీలు బీజాపూర్‌కు నడిచి బయలుదేరారు. వారిలో పన్నెండేళ్ళ బాలిక ఒకతె ఇంటికి కాసింత దూరంలో చనిపోయింది. దేశమంతా కన్నీరు పెట్టుకున్న వార్త అది. పనులు ఆగినప్పుడు కూలి ఇంటికి నడుస్తాడు, ప్రాణం పోయేంతగా నడుస్తాడు. ఎందుకంటే వెళ్ళడానికి ఊరు ఉంది. అడవి గుంపుల్లో గుడిసెలు వేసుకున్నవారికి ఆ నడక లేదు. రోగం వచ్చినా, కూలి ఆగినా, అటవీ శాఖ గుడిసె పీకినా వెనక్కి వెళ్ళకుండా పక్క గుట్ట మీద మళ్ళీ వేసుకునేవాణ్ణి కూలి కోసం వచ్చాడని అనడం కళ్ళు మూసుకుని అనే మాట.

మూడో అభ్యంతరం స్థానిక కోయలది. నా దృష్టిలో బరువైన అభ్యంతరం ఇదొక్కటే. ఉన్న అడవి తరుగుతోంది, ఉన్న ఉద్యోగాలు కొన్నే, లంబాడాలను 1976లో తెలంగాణ జాబితాలో చేర్చినప్పటి నుంచి సాగుతున్న తగాదానే తీరలేదు, ఇప్పుడు ఇంకొకరిని చేర్చి మా వాటా పంచమంటారా అని అడుగుతారు. ఈ ప్రశ్న అడిగే హక్కు వారికి ఉంది. దీనికి జవాబు కోయల ఔదార్యం మీద భారం వేయడం కాకూడదు. బ్రూ ఒప్పందంలో దారి కనిపిస్తుంది. పేరుపేరునా ఒకసారి లెక్క తీసి మూసేసిన జాబితా, ఆ జాబితాలోని కుటుంబాలకూ వారి పిల్లలకూ మాత్రమే వర్తించే హోదా, ఖర్చు కేంద్రానిది, స్థానిక తెగల కోటాకు అదనంగా ఇచ్చే సీట్లు. పండితులకు కళాశాలల్లో ఇచ్చిన వెసులుబాటులో అదనపు సీట్లూ ఉన్నాయి. భూమి విషయంలో అడవిని కొత్తగా కొట్టాల్సిన అవసరమూ లేదు. ఇంటి స్థలం, కొద్దిపాటి సాగు, పిల్లలకు ఆశ్రమ పాఠశాల, ఇవి దొరికితే పోడు దానంతట అదే తగ్గుతుంది. ఏ హక్కూ లేనివాడే అడవిని ఎక్కువ కొడతాడు. ఈ ఏడాది కొట్టింది వచ్చే ఏడాది తనది కాదని అతనికి తెలుసు.

అడవి పేరు మీద వచ్చే కోపం ఎక్కడికి దారి తీస్తుందో 2022 నవంబరు చూపించింది. భద్రాద్రి కొత్తగూడెం జిల్లా చండ్రుగొండ మండలం ఎర్రబోడు దగ్గర మొక్కల విషయంలో తగాదా వచ్చి, ఒక అటవీ రేంజి అధికారిని గొత్తికోయలు నరికి చంపారు. అది దారుణమైన నేరం. చేసిన ఇద్దరికి 2023లో కోర్టు యావజ్జీవం వేసింది. న్యాయం అలాగే నడవాలి. కానీ ఆ హత్య జరిగిన కొద్ది రోజులకే బెండాలపాడు గ్రామ పంచాయతీ గొత్తికోయలందరినీ ఛత్తీస్‌గఢ్‌కు తరిమేయాలని తీర్మానం చేసింది. మిజోరంలో 1997లో జరిగింది గుర్తు చేసుకోండి. అక్కడా ఒక అటవీ ఉద్యోగి హత్య, దాని మీద ఒక మొత్తం జాతికి శిక్ష. మిజోరంలో ఆ శిక్ష అమలైంది, ఇక్కడ కాగితం మీద ఆగింది. అలా ఆగడం చట్టం బలం వల్ల అనుకుంటే పొరపాటు. ఒకసారి ఊరు పోగొట్టుకున్నవారిని రెండోసారి తరమకుండా ఆపే నిబంధన ఏదీ ఆ పంచాయతీ ముందు లేదు.

ఊరి నుంచి వెళ్ళగొట్టడం అన్నది పల్నాటి గడ్డకు కొత్త ఆయుధం కాదు. మాచర్ల మలిదేవుడి పక్షం కోడిపందెంలో ఓడి ఏడేళ్ళు ఊరు విడిచిన కథ మనందరికీ తెలుసు. గడువు తీరాక తమ రాజ్యం తమకిమ్మని అడగడానికి గురజాలకు వెళ్ళిన అలరాజును విషం పెట్టి చంపారు, ఆ తరవాతే కారంపూడి యుద్ధం. వెళ్ళగొట్టడం కన్నా తిరిగి రానివ్వకపోవడమే యుద్ధానికి అసలు కారణమని వీరుల కథ గుర్తుపెట్టుకుంది. మన రోజుల్లో 2019 ఎన్నికల తరవాత దుర్గి మండలం ఆత్మకూరు దళిత కుటుంబాలు ఊరు విడిచి గుంటూరు శిబిరంలో ఉన్నాయి. ఆ సెప్టెంబరులో ప్రతిపక్షం చలో ఆత్మకూరు అన్నది, ప్రభుత్వం నాయకులను గృహ నిర్బంధంలో పెట్టింది, పోలీసు బండ్లలో జనాన్ని వెనక్కి దింపారు. 2024లో అధికారం మారాక అవే ఆరోపణలు ఎదురు పక్షం నుంచి వచ్చాయి. రెండు పార్టీలకూ అధికారం పోయిన రోజునే నిర్వాసితుడు కనిపిస్తాడు. ఆత్మకూరు బాధితుడు మళ్ళీ ఊళ్ళో అడుగుపెట్టగలిగాడంటే కారణం ఒకటే: అతని పొలం, ఓటు, కులధ్రువీకరణ అన్నీ అదే జిల్లాలో ఉన్నాయి. బస్తరువాడు దాటింది రాష్ట్ర సరిహద్దు. మిగతా తేడాలన్నీ ఆ ఒక్క దాటడం నుంచే పుట్టాయి.

ఇక చివరి అభ్యంతరం, ఈ రోజుల్లో ఎక్కువగా వినిపించేది. మావోయిస్టు ఉద్యమం ఆఖరి దశకు వచ్చింది. దాని ప్రధాన కార్యదర్శి, మన శ్రీకాకుళం జిల్లా మనిషి నంబాల కేశవరావు 2025 మేలో నారాయణపూర్ అడవుల్లో హతమయ్యాడు. 2026 మార్చి 31ని కేంద్రం గడువుగా పెట్టింది. యుద్ధం పోయింది కాబట్టి ఇక అందరూ ఇళ్ళకు వెళ్ళవచ్చు, చట్టాలూ జాబితాలూ ఎందుకు అని అడుగుతున్నారు. వెళ్ళదలిచినవారు తప్పక వెళ్ళాలి, వారికి దారి ఖర్చు దగ్గర నుంచి విత్తనాల దాకా ఇవ్వాలి. కానీ ఎక్కడికి వెళ్ళాలి? కాశ్మీరులో 1997 చట్టం ఆస్తుల మీద ఒక కాపలా పెట్టింది. బస్తరులో ఖాళీ అయిన ఊళ్ళకు అలాంటి కాపలా లేదు. ఇరవై ఏళ్ళలో ఎవరి పొలం ఎవరి సాగులోకి వెళ్ళింది, ఏది అడవిగా రాసుకున్నారు, ఏది గనుల మ్యాపుల్లోకి చేరింది అన్నది తేలకుండా తిరిగి వెళ్ళమనడం ఇంకో తగాదాలోకి తోయడం. పైగా ఊరిని కాల్చినవారూ, కాలిన ఇంటి నుంచి పారిపోయినవారూ పక్కపక్కనే బతకాలి. సల్వాజుడుం కాలంలో ఆదివాసీ యువకులకు నెలకు 3,000 రూపాయలిచ్చి తుపాకీ పట్టించడం రాజ్యాంగ విరుద్ధమని 2011 జులై 5న సుప్రీంకోర్టు చెప్పింది. ఆ తీర్పు రాసింది మన తెలుగువారు, జస్టిస్ బి. సుదర్శన్‌రెడ్డి. తుపాకీ పట్టించినందుకు రాజ్యాన్ని తప్పుపట్టిన ఆ తీర్పు తరవాత, ఆ తుపాకీకి భయపడి పరుగెత్తినవారికి రాజ్యం ఏం చెల్లించాలి అన్న లెక్క మాత్రం ఎవరూ వేయలేదు. ఇక్కడే పుట్టి పెరిగి, బస్తరును చూడని పిల్లలు వెళ్ళాలా వద్దా అన్నది వారి ఇష్టానికే వదలాలి. త్రిపురలో బ్రూ జనానికి ఆ ఇష్టం దక్కింది.

పార్లమెంటు చట్టం కోసం ఎదురు చూడకుండా మన రాష్ట్రం చేయగలిగిన పనులున్నాయి. చింతూరు ఐటీడీఏ పరిధిలోనూ కుక్కునూరు వైపునూ ఉన్న ప్రతి గొత్తికోయ గుంపునూ పేరు, సొంత ఊరు, వదిలిన నెల, వదిలిన కారణం రాసుకుని నమోదు చేయవచ్చు. దీనికి కొత్త చట్టం అక్కర్లేదు, ఒక ఉత్తర్వు చాలు. ఆ జాబితాను ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వానికి పంపి, ఆ ఊళ్ళలో వారి పేరున 2005 జూన్ నాటికి ఏ భూమి ఉందో రికార్డులు తెప్పించుకోవచ్చు. 3(1)(ఎం) కింద దరఖాస్తులు తీసుకోమని గ్రామసభలకు చెప్పవచ్చు. పోలవరం ముంపు జాబితాల్లో వారి గుడిసెల సంగతేమిటో ఇప్పుడే తేల్చవచ్చు, గేట్లు దించాక తేల్చేదేమీ ఉండదు. 342వ అధికరణం కింద జాబితా మార్పుకు ప్రతిపాదన రాష్ట్రం నుంచే బయలుదేరాలి. ఆ ప్రతిపాదనలో స్థానిక కోయల వాటాకు గండి పడకుండా ఏం చేయాలో కూడా అమరావతిలోనే రాయాలి. ఈ పల్నాడు జిల్లా నుంచి శాసనసభకు వెళ్ళేవారు ఏడుగురు ఉన్నారు. వారిలో ఒక్కరైనా వచ్చే సమావేశాల్లో ఆ నమోదు ఎప్పుడు మొదలవుతుందని అడిగితే, గిరిజన సంక్షేమ మంత్రి ఏదో ఒక తేదీ చెప్పాల్సి వస్తుంది.